కంబళి కప్పిన మనిషి

పోయిన వారం మనం కాటమ్మను కళ్లంలో వదిలి వచ్చాం. విత్తనానికని వేరుశనగ కాయలు ఒలుచుకుంటున్న ఆమె దగ్గరికి మరిది రామాంజినేయులు వచ్చి, ఇంతకాలం నోట్లోనే నానబెట్టుకున్న మాట బయటపెట్టాడు. కువైటులో యుద్ధం మొదలైన రోజే అన్న హొన్నూరప్ప పోయాడనీ, తన కళ్లతో చూశాననీ చెప్పాడు. కాటమ్మ ఏడవలేదు. ఒడిలో ఉన్న గింజలు చేటలో పోసి, చూసిందేదో కులం ముందర చెప్పమని లేచి వచ్చేసింది.

కులం పంచాయతీ ఈరోజు కూర్చుంటోంది.

బలసముద్రంలో కులపెద్ద పెద్దతిమ్మప్ప ఇంటి ముందర పొద్దున్నే నల్ల కంబళి పరిచారు. నాలుగు మూలలా పసుపు చల్లారు. దానిమీద నిలబడి చెప్పిన మాటను మళ్లీ వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. ఆ కంబళి మీద హొన్నూరప్ప పోయాడని తేలితే, పొద్దు గుంకేలోపల కాటమ్మ చేతులకు గాజులు ఉండవు. కాళ్లకు మెట్టెలు ఉండవు. తేలకపోతే ఊరు ఊరుకోదు. ఉగాది దాటగానే దేవతకు కుండలెత్తే దేవర జాతర చేయాలి. మనిషి చావో బతుకో తెలియని ఇల్లు ఒక్కటున్నా ఆ వంశంలో ఎవరూ దేవర కుండ ఎత్తకూడదు. మూడేళ్లుగా వానలు మొహం చాటేశాయి. కాయలు తీసిన చేలల్లో మట్టి పిండిలాగా లేస్తోంది. దేవర ఆగితే వాన ఆగుతుందని అందరి భయం. కాబట్టి ఏదో ఒకటి ఈరోజు తేలాల్సిందే. ఎటు తేలినా పరవాలేదన్నట్టుగా ఉన్నారు జనం.

కాటమ్మకు తెల్లవారినప్పటినుంచి ఒకచోట నిలకడ లేదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది. బోరింగు దగ్గర బిందె పెట్టి, కొట్టడం మరిచిపోయి, ఎండిన గొట్టం వైపు చూస్తూ నిలబడింది. వెనకున్న ఆడవాళ్లు నీళ్లు రాలేదేమోనని వాళ్ల బిందెలు ఎత్తుకుని వెళ్లిపోయారు కూడా. ఇంటికి వచ్చి గొర్రెపిల్లలకు మేత వేసింది. వేసిన మేత మళ్లీ తీసి ఇంకొక మూలకు వేసింది.

అత్త గంగక్క అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూనే ఉంది. పెద్దకొడుకు పోయాడన్న మాట విన్నప్పటినుంచి ఆమె చిన్నకొడుకు రామాంజినేయులును తిట్టని పూట లేదు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండని మనిషి, సముద్రం అవతల చూసింది గుర్తు పెట్టుకుని వచ్చాడా అని ఆమె ప్రశ్న. కోడలు కొంగు సర్దుకుని బయలుదేరుతుంటే ఒక్క మాట అంది.

"గాజుల మీద ఎవురన్నా చెయ్యేస్తే నా చెయ్యి అడ్డం పెడతా. నువ్వు బెదరొద్దు కోడలా."

ఇద్దరూ హనుమంతరాయప్ప టీ అంగడి ముందునుంచి నడిచారు. అక్కడ రేడియో చుట్టూ జనం. బెంగళూరు వార్తల్లో కువైటు పేరు ఇంకోసారి వచ్చింది. పారిపోయి సౌదీ ఎడారిలో తలదాచుకున్న ఆ చిన్న రాజ్యపు పటాలం, పక్కన నిలిచిన పెద్ద చిన్న రాజ్యాల పటాలాలతో కలిసి తన ఊరికి తిరిగి వచ్చేసిందట. శత్రువులు వెనక్కి పోతున్నారట. చమురు బావులు మండుతున్నాయట. ఈ చుట్టుపక్కల ఊళ్లనుంచి అక్కడికి పోయినవాళ్లు ఉన్నారు కాబట్టి, తమ చేను తమకు వచ్చినట్టే సంతోషపడ్డారు అంగడి దగ్గర. హనుమంతరాయప్ప ఆ పూట టీలో చక్కెర కాస్త ఎక్కువే వేశాడు. కాటమ్మను చూసి మాత్రం రేడియో గొంతు తగ్గించాడు.

ఆ తగ్గించడం కాటమ్మకు గుచ్చుకుంది. ఊరు తనను అప్పుడే విధవను చేసేసింది.

పెద్దతిమ్మప్ప ఇంటి ముందు మగవాళ్లు కంబళి చుట్టూ కూర్చున్నారు. ఆడవాళ్లు గోడ నీడన నిలబడ్డారు. ఆ నీడలో ముందు వరసలోనే వెంకటక్క కూర్చుని ఉంది. మొగుడు పోయి ముప్పై ఏళ్లయిన ముసలామె. ఊళ్లో ఎవరికి గాజులు తీయాలన్నా ఆమెనే పిలుస్తారు. గాజులు పగలగొట్టడానికి పక్కన నున్నటి గుండ్రాయి పెట్టుకుంది. ఆకు వక్క నములుతూ, పెళ్లికి ముందుగా వచ్చిన చుట్టంలాగా ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తోంది.

పెద్దతిమ్మప్ప పిలవగానే రామాంజినేయులు లేచాడు. బొంబాయిలో విమానం దిగాక కొనుక్కున్న తెల్ల బూట్లు విడిచి, కంబళి మీదికి ఎక్కాడు. నుదుట పసుపు పెట్టుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు.

అన్నదమ్ములిద్దరికీ గొర్రెలు కాసే పని అని చెప్పి పంపారట. పోయి చూస్తే అది ఒక పటాలం మకాం. సైనికుల వంటకు కావలసిన గొర్రెలను మకాం చివర దొడ్డిలో పెంచుతారు. ఓడల్లో దిగే ఆ గొర్రెలు మన గొర్రెలకు రెండింతలు ఉంటాయి. ఇసుక మధ్యలో ఇనుప బండ్లు, తుపాకులు, రేకుల షెడ్లు, వాటి పక్కన మంద. ఆ పటాలం చిన్నది. అందులో కొందరు పెద్దింటి పిల్లలు, చేతికి బంగారు గడియారాలు. ఇంకొందరు ఎడారిలో మందలు తోలుకుని బతికిన వాళ్ల కొడుకులు. ఆ రెండో రకం వాళ్లకు హొన్నూరప్ప అంటే ఇష్టం. సాయంత్రం దొడ్డి దగ్గరికి వచ్చి అతని పక్కన కూర్చునేవాళ్లట. భాష తెలియకపోయినా గొర్రె పళ్లు చూసి వయసు చెప్పుకుని నవ్వుకునేవాళ్లట.

ఆగస్టు నెలలో ఎండ కొలిమిలాగా ఉంటుంది కాబట్టి సైనికులు చాలామంది సెలవు మీద ఇళ్లకు పోయారు. అప్పుడే పక్క రాజ్యం వచ్చి మీద పడింది. తెల్లవారుజామున ఫిరంగుల మోత. రామాంజినేయులు ఆ వేళకు వంటశాల దగ్గర ఉన్నాడు. వంటవాళ్లతో కలిసి రోడ్డు కింద మోరీలో దూరాడు. ఉన్న కొద్దిమంది సైనికులు సాయంత్రం దాకా కొట్లాడి, మందుగుండు అయిపోయాక బండ్లు దక్షిణానికి తిప్పి సౌదీ వైపు పోయారు. మోత ఆగాక అతను దొడ్డి దగ్గరికి పరిగెత్తాడు. దొడ్డి తడిక పక్కన ఒక మనిషి పడి ఉన్నాడు. మీద కంబళి కప్పి ఉంది. కాటమ్మ సొంత గొర్రెల ఉన్నితో వడికి నేయించిన కంబళి, అంచున తెల్ల గీత ఉన్నది. హొన్నూరప్ప ఎండకూ చలికీ భుజం మీదనుంచి దించనిది.

"అన్న కంబళి అది. నేను దండం పెట్టుకుని వచ్చేసినా," అని ముగించాడు రామాంజినేయులు.

గోడ నీడలో ఎవరో ముక్కు చీదారు. వెంకటక్క ఆకు ఉమ్మేసి గుండ్రాయి దగ్గరికి లాక్కుంది. పెద్దతిమ్మప్ప తలపాగా సర్దుకుని, ఇంక చెప్పడానికేముంది అన్నట్టు చుట్టూ చూశాడు.

అప్పుడు కాటమ్మ నీడలోనుంచి ఎండలోకి వచ్చింది. తనకు అడగవలసినవి ఉన్నాయంది. కంబళి పరిచినచోట ఆడవాళ్లు ప్రశ్న వేసే వాడుక లేదు. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు గొణిగారు. వాళ్ల నోరు మూయించింది వెంకటక్కే.

"పోయేవి దాని గాజులు కదప్పా. మీవి కాదు కదా. అడగనీండి."

కాటమ్మ రామాంజినేయులు ముఖంలోకి చూసింది.

"మొగం చూసినావా?"

"లేదు వదినా. కప్పి ఉండె. కప్పినాక ఎట్ల తీసేది?"

చుట్టూ తలలు ఊగాయి. అతను చెప్పింది నిజమే. పోయిన మనిషి మీద ఒకసారి కంబళి కప్పితే దాన్ని ఎత్తి చూడకూడదు. ఇక్కడ ఎవరు పోయినా వాళ్ల కంబళే వాళ్ల మీద కప్పుతారు. కంబళిని చూస్తే మనిషిని చూసినట్టే. కొంగు చాటు పిల్లవాడికి కూడా ఆ సంగతి తెలుసు. అందుకే రామాంజినేయులు చూశానని అనగలిగాడు. అందుకే ఇంతవరకూ ఎవరూ ముఖం సంగతి అడగలేదు.

కాటమ్మ వదల్లేదు. ఆ కంబళి తాను నేయించిందనీ, మగమనిషి తలనుంచి కప్పితే మోకాళ్ల కిందకు రాదనీ అంది. మరి కాళ్లు కనపడాలి కదా అంది.

రామాంజినేయులు నేలచూపులు చూశాడు.

"బూట్లు ఉండె," అన్నాడు చివరికి. "పటాలం బూట్లు. ఇసక రంగువి."

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తరువాత గంగక్క నవ్వింది. ఎన్నో నెలల తరువాత నవ్విన నవ్వు అది. దగ్గులాగా వచ్చింది. హొన్నూరప్ప బూట్లు వేసుకోవడమా అని ఆమె అందరినీ అడిగింది. పెళ్లి పీటలమీదికి ఉత్త కాళ్లతో వచ్చినవాడు. విమానం ఎక్కడానికి ఏజెంటు కొనిచ్చిన బూట్లను పావగడ బస్టాండు దాకా చేత్తో పట్టుకుని పోయినవాడు. వేళ్లకు ఊపిరాడనట్టు ఉంటుందని, పొలంలో తొడిగే టైరు చెప్పులు కూడా చంకలో పెట్టుకుని నడిచేవాడు. ఆ రోజు బస్టాండులో చూసినవాళ్లు ఇద్దరు ఇక్కడే ఉన్నారు. వాళ్లు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

కాటమ్మ నవ్వలేదు. కాళ్లు నిలబడిన చోట నిలవక అటొక అడుగు ఇటొక అడుగు వేస్తున్నాయి.

"మంద యాడికి పాయ?"

దొడ్డి ఖాళీగా ఉందన్నాడు రామాంజినేయులు. తడిక విరగలేదు. తాడు విప్పి ఉంది. గొర్రెలు ఎటు పోయాయో చూశావా అంటే, బండ్ల గాడి వెంబడే దక్షిణానికి అడుగులు ఉన్నాయన్నాడు. చెదిరి పోయాయా, కలిసి పోయాయా అని అడిగింది. కలిసే పోయాయన్నాడు.

ఆ మాటతో మగవాళ్ల వరస కదిలింది. అక్కడ కూర్చున్న ప్రతివాడూ చిన్నప్పుడు మంద వెనక నడిచినవాడే. కాపరి లేని మంద మోతకు బెదిరితే నాలుగు దిక్కులా పోతుంది. ఆకలేస్తే నీళ్ల తొట్టి దగ్గరికి తిరిగి వస్తుంది. కలిసి ఒకే దారిన పోయిందంటే ముందర ఎవరో పిలుస్తూ నడిచి ఉండాలి.

పెద్దతిమ్మప్ప నెమ్మదిగా అడిగాడు, మరి కంబళి సంగతి ఏమిటని.

దానికి కాటమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. చాలా ఏళ్ల కిందట మంగళవాడ దారిలో లారీ బోల్తా పడి, ఎవరో పరదేశి డ్రైవరు పోయాడు. పోలీసులు వచ్చేదాకా కాకులు ముట్టకుండా హొన్నూరప్ప తన కంబళి కప్పి పక్కన కూర్చున్నాడు. కప్పినవాడిదే పీనుగు అని చెప్పి, ముక్కూ మొహం తెలియని ఆ మనిషి కోసం మైల దినాలన్నీ పట్టాడు. గడ్డం తీయలేదు. ఇంట్లో దీపం పెట్టనివ్వలేదు. ఊరంతా వేళాకోళం చేసింది. ఆ వేళాకోళం చేసినవాళ్లలో పెద్దతిమ్మప్ప కూడా ఒకడు.

"ఆడ పడింది పటాలం పిల్లోడు. నా మొగుడు కప్పినాడు," అంది కాటమ్మ. "కప్పి, మందను తోలుకుని, ఆ బండ్ల ఎనకాల పోయినాడు. ఆ పటాలం మళ్లీ ఊరు చేరిందంట కదా. మందను అప్పజెప్పి ఈడికొస్తాడు."

గాలికి కంబళి అంచు లేచి పడింది. వెంకటక్క గుండ్రాయిని పాదంతో పక్కకు తోసింది. గంగక్క అప్పుడే కోడలి పక్కకు వచ్చి నిలబడింది, గెలిచిన పొట్టేలులాగా తల ఎత్తుకుని.

పెద్దతిమ్మప్ప మంచివాడే కానీ దేవర ముందు ఎవరినీ చూడడు. కాటమ్మ మాట కాదనడానికి లేదన్నాడు. అయితే బతికినవాడు ఇన్ని నెలల్లో ఒక్క కబురైనా ఎందుకు పంపలేదో తనకు తెలియడం లేదన్నాడు. కాబట్టి ఒకటే దారి. కాటమ్మ కంబళి ఎక్కి, పసుపు పట్టుకుని, మొగుడు బతికి ఉన్నాడని ప్రమాణం చేయాలి. చేస్తే ఇల్లు మైల లేని ఇల్లు. దేవర కుండ మొదట ఆ ఇంటినుంచే లేస్తుంది. రేపు ఆ మాట తప్పని తేలితే వంశం మొత్తానికీ కీడు. అప్పుడు కాటమ్మకు కులంలో నీళ్లూ నిప్పూ ఉండవు.

కాటమ్మ ఆలోచించలేదు. పొద్దుటినుంచి ఒకచోట నిలవని కాళ్లు కంబళి మీదికి ఎక్కగానే నిలిచిపోయాయి. వంగి గుప్పెడు పసుపు తీసుకుంది.

"వద్దు వదినా."

రామాంజినేయులు ఇంకా కంబళి మీదే ఉన్నాడు. అతను మాట్లాడుతున్నది ఆమె ఒక్కదానితోనే అన్నట్టు గొంతు తగ్గించాడు. కానీ అక్కడ చీమ నడిచినా వినపడేట్టుంది.

"ప్రమాణం చేయొద్దు. సచ్చినాడనే ఉండనీ. అన్నకు అదే మేలు."

గంగక్క అతని మీదికి తిట్లతో లేవబోయింది. పెద్దతిమ్మప్ప చెయ్యి అడ్డం పెట్టి, కంబళి మీద సగం మాట ఉండకూడదని, మిగతాది చెప్పమని గదిమాడు. రామాంజినేయులు కూలబడ్డాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని చెప్పాడు. మొదట తనూ అన్నే అనుకున్నాడట. బూట్లు చూసి కూడా, ఫిరంగి మంటల్లో కాళ్లు కాలకుండా ఎవరివో తొడుక్కున్నాడేమో అనుకున్నాడట. దండం పెట్టుకుని లేచాక చూశాడట, పీనుగు పక్కన ఇసుకలో సగం కూరుకుపోయి ఉన్న మచ్చుకత్తిని. హొన్నూరప్ప అక్కడే లారీ కమాను పట్టాతో చేయించుకుని, పిడికి ఎర్ర వైరు చుట్టుకున్నది. దానితో అతను ముళ్లకంపలు తప్ప ఇంకేమీ నరికి ఎరగడు. ఆ రోజు దాని నిండా రక్తం ఆరిపోయి ఉంది.

"తూటా తగిలుంటే కంబళికి ఒంటి మీద నెత్తురు అంటాల. యాడా లేదు వదినా. కంబళి మెడ దగ్గర మాత్రం తడిసింది."

అందుకే నెలల తరబడి నోరు మెదపలేదన్నాడు, దేవర దగ్గరపడ్డాక పోయాడని మాత్రం చెప్పాడట. బోల్తా పడిన బుట్టలాగా అటు ఇటు దొర్లాడు ఇన్నాళ్లూ. నిన్న పావగడలో ఏజెంటు ఎదురుపడి, హొన్నూరప్ప ఇంటికి చేరాడా అని అడిగాడట. నువ్వెందుకు అడుగుతున్నావంటే, అడుగుతున్నది తాను కాదన్నాడట. ఆ పటాలం వాళ్లు సౌదీలో ఉన్నప్పుడే అడిగించారట. చచ్చిపోయిన ఆ కుర్రవాడు ఒక సుబేదారుకు తమ్ముడట. ఇప్పుడు ఊరు చేతికొచ్చింది కాబట్టి గట్టిగా వెతుకుతారట. చచ్చాడని తెలిస్తే సరే, బతికి ఉంటే చెప్పమన్నారట.

కాటమ్మ పిడికిలి బిగుసుకుంది. వేళ్ల సందుల్లోంచి పసుపు కంబళి మీద రాలింది. కబురు ఎందుకు రాలేదో ఇప్పుడు అందరికీ తెలిసింది. బతికి ఉన్నాడని ఆమె చెబితే, పొద్దున టీ అంగడిలో గెలిచిందని చెప్పుకున్న ఆ పటాలం అతని కోసం వస్తుంది. బతికి లేడని ఒప్పుకుంటే ఎవరూ రారు. అతను కూడా ఈ గడప తొక్కడానికి ఉండదు, కర్మ చేసిన ఇంటికి మనిషి తిరిగి రాడు కనుక.

పెద్దతిమ్మప్ప లేచి నిలబడ్డాడు. ఇక్కడ వినపడింది ఈ కంబళి దాటి పోకూడదని పేరుపేరునా అందరి ముఖాల్లోకీ చూసి చెప్పాడు. తరువాత కాటమ్మ వైపు తిరిగి, ఏ మాట చెబుతావో చెప్పమన్నాడు. అతని గొంతులో ఈసారి దేవర తొందర లేదు.

కాటమ్మ అత్త వైపు చూసింది. తన చెయ్యి అడ్డం పెడతానన్న మనిషి వైపు.

గంగక్క చూపు కోడలి ముఖం మీద లేదు. ఆమె నెమ్మదిగా గోడ దగ్గరికి నడిచింది. వెంకటక్క పక్కకు తోసేసిన గుండ్రాయిని వంగి రెండు చేతులతో ఎత్తింది. తెచ్చి కంబళి అంచున పెట్టింది. నడుము పట్టుకుని లేచింది.

"నా కొడుకు సచ్చినాడు," అంది గంగక్క. "దాని గాజులు తీయండి."

వెంకటక్క లేవలేదు. మగవాళ్లలో ఎవరూ తలెత్తలేదు. కాటమ్మ తన చేతి గాజుల వైపు ఒకసారి, అత్త కళ్ల వైపు ఒకసారి చూసింది.

ఆమె కంబళి దిగలేదు.